ఎక్కువైన గాలి

బస్సు డిపోలో టైర్ల విభాగంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైన పెద్దాయనకు మెత్తబడ్డ టైరు కంటపడితే ప్రాణం ఊరుకోదు. మీటరు అక్కర్లేదు, బొటనవేలితో నొక్కి గాలి ఎంత తక్కువో చెప్పేస్తారు. డిపో మానేశాక ఆ వేలికి పని లేకుండా పోయింది. దాంతో కొడుకు స్కూటరు, పక్కింటివాళ్ల కారు, ఆఖరికి వీధిలో ఆగిన కూరగాయల బండి కూడా దాని కిందకు వచ్చాయి. ఎవరూ అడగరు, ఆయన ఎవరికీ చెప్పరు. పంపు పట్టుకెళ్లి కిమ్మనకుండా తన పని తాను కానిచ్చుకుని వస్తారు.

అలాంటి ఇంట్లోకి కోడలు లావు టైర్ల సైకిలు తెచ్చింది.

కోడలు ఓ ఇంజినీరు ఆఫీసులో ఇళ్ల ప్లాన్లు గీస్తుంది. నెలకు నాలుగుసార్లు సైటుకు వెళ్లి పని చూసుకుని రావడం ఆమెకు మహా ఇష్టం. కిందటేడు అలా వెళ్లినప్పుడే సగం కట్టిన మెట్ల మీంచి జారిపడి, కుడి మోకాలికి ఆపరేషను చేయించుకుంది. కాలు సాగాలంటే సైకిలు తొక్కమన్నాడు డాక్టరు. గదిలో ఒకచోట నిలబెట్టి తొక్కే సైకిలని ఆయన ఉద్దేశం. ఈమె మంచం మీద గ్రాఫు కాగితాలు పరుచుకుని, రాళ్లలో ఇసుకలో తిరిగే సైకిలు గీసుకుంది. లావు టైర్లు పట్టే పాత ఫ్రేమొకటి సంపాదించింది. మోకాలు మరీ వంగకుండా పెడలు కడ్డీలు పొట్టివి వేయించింది. ఎత్తు ఎక్కేటప్పుడు తేలిగ్గా తిరిగేలా ముందు పళ్లచక్రం చిన్నది పెట్టించింది. సీటు వెనక సంచీ టార్పాలిన్ గుడ్డతో తానే కుట్టుకుంది, పసుపు రంగు తానే వేసుకుంది. మెకానిక్ అరచెయ్యంత వెడల్పు టైర్లు బిగించి వాకిట్లో దింపి వెళ్తే, ఇది సైకిలా దున్నపోతా అని కొడుకు పడీపడీ నవ్వాడు.

పెద్దాయన నవ్వలేదు. అందరూ లోపలికి వెళ్లాక టైరు నొక్కి చూశారు. వేలు దిగబడిపోయింది. ఈ కాలం మెకానిక్‌లకు గాలి పెట్టడం కూడా చేతకాదని గొణుక్కుంటూ పంపు తెచ్చి, రెండు టైర్లూ రాయిలా అయ్యేదాకా కొట్టారు. చొక్కా తడిసి ముద్దయింది. చాలా రోజులకు ఒంటికి పని తగిలిందని హాయిగా అనిపించింది. అప్పట్నుంచి ప్రతి శనివారం కోడలు ఆఫీసులో ఉండగా అదే పని.

కోడలు ఆదివారాలు పొద్దున్నే ఊరి చివర ఎండిన ఏటివైపు వెళ్లేది. మొదటి వారం వచ్చి, కంకర బాటలో గెంతుకుంటూ పోతుంటే ఒళ్లంతా నవ్వొచ్చిందని చేతులు తిప్పుతూ చెప్పింది. ఏటి ఇసుకలో దిగితే మాత్రం చక్రం కూరుకుపోయిందట, అలవాటవుతుందిలే అనుకుంది. రెండోవారం, మూడోవారం కూడా అంతే. ఇసుకలో నాలుగు బారలు పోవడం, ఆగిపోవడం, దిగి నెట్టుకుంటూ రావడం. ఏటి అవతల ఇసుక దిబ్బ ఎక్కాలని మొదట్లో అంటుండేది, ఆ మాట ఆమె నోట వినబడడం మానేసింది.

ఆరో ఆదివారం భోజనాల దగ్గర మొగుడితో చెప్పింది. సైకిలు ఆఫీసులో గుమాస్తాకు ఇచ్చేస్తోందట. వచ్చే ఆదివారం పది గంటలకు వచ్చి తీసుకెళ్తాడట. సైట్లకు వెళ్లే పని కూడా ఇంకొకరికి ఇమ్మని ఇంజినీరుకు చెప్పేస్తుందట.

"టైర్లలో తప్పేం లేదు. ఇసుకలో కూరుకుపోకూడదనే మెకానిక్ గాలి బాగా తక్కువ పెట్టాడు. రెండు నెలలదాకా ముట్టుకోవద్దన్నాడు. అయినా దిగబడుతోందంటే తొక్కే బలం లేకే. ఈ కాలు ఇక ఇంతే," అంది.

పెద్దాయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

ఆ వారమంతా ఇంట్లో తేలు కుట్టిన దొంగలా తిరిగారు. బుధవారం ఎవరూ లేనప్పుడు సైకిలు పక్కన చతికిలబడి, గాలి తీసేద్దామని మూత కూడా విప్పారు. తీసేస్తే తప్పు మాసిపోతుంది, ఎవరికీ తెలియదు. కానీ ఆ సైకిలు ఇక ఎక్కేదెవరు? కాలు పనికిరాదని ఆమె మనసులో పడిపోయింది, అది గాలితోపాటు పోయేది కాదు. చెప్పి తీరాలి. చెప్పాలంటే తల కొట్టేసినట్టుంది. ముప్పై ఒక్క ఏళ్ల అనుభవమూ ఈ పిల్ల కాలికే అడ్డం పడిందాయె. మూత మళ్లీ బిగించి లేచారు.

శనివారం సాయంత్రం కోడలు గుమాస్తాకు ఇవ్వడానికి సైకిలు తుడుస్తుంటే, వెళ్లి ఎదురుగా నిలబడ్డారు.

"అమ్మాయ్, నీ కాల్లో లోపమేం లేదు. ఆ టైర్లకు నేను గాలి కొట్టాను. మొదటి రోజు నుంచీ, ప్రతి శనివారమూ కొట్టాను."

కోడలు టైరు మీద చెయ్యి వేసింది. నొక్కింది. రెండోది కూడా నొక్కి చూసింది. అరుస్తుందని ఆయన సిద్ధపడే వచ్చారు. ఆమె గొంతు పెంచలేదు.

"ఆరు వారాలు ఈ కాలిని తిట్టుకున్నాను మామయ్యా. బాత్‌రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. నన్నొక్క మాట అడిగితే ఏం పోయేది?"

"అడగాలని తోచలేదమ్మా. మెత్తగా ఉంటే తప్పనే తెలుసు నాకు." ఆయనకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆమె ఓదార్చలేదు. గుడ్డ అక్కడే పడేసి లోపలికి వెళ్లిపోయింది.

తెల్లవారి మాత్రం ఆయన గది తలుపు తట్టి, తనతో ఏటికి రమ్మంది. గుమాస్తాను ఇంకా రావద్దనలేదు, ఒక్కసారి చూశాక చెబుతానంది. కొడుకు స్కూటరు తీసుకుని ఆయన ఆమె వెనకే వెళ్లారు. ఇసుక మొదలయ్యేచోట ఆమె సైకిలు ఎక్కి, ఒక కాలు నేల మీద ఆనించి, గాలి ఆయన్నే తియ్యమంది. తను కూర్చుంటే టైరు కాస్త నలగాలట, మెకానిక్‌కు ఫోన్ చేసి కనుక్కుంది. ఆయన వంగి మూత విప్పి గోటితో నొక్కారు. గాలి బుస్సున పోతుంటే చేతులారా ఇల్లు కూలగొడుతున్నట్టుంది ఆయనకు. రెండుసార్లు ఆపి చాలా అని అడిగారు. రెండుసార్లూ ఇంకా తియ్యమంది.

తర్వాత వెళ్లింది. చక్రాలు ఇసుకను తవ్వలేదు, పైన పరుచుకుని పోయాయి. ఏరు సగం దాటింది, మొత్తం దాటింది. దిబ్బ కింద వేగం తగ్గింది. పొట్టి పెడళ్లు గబగబా తిరిగాయి. నెమ్మదిగా, ఎక్కడా దిగకుండా, పసుపు సైకిలు పైకి ఎక్కేసింది. పెద్దాయన నోరు తెరుచుకుని చూస్తుండిపోయారు.

పైన ఆమె సైకిలు పడుకోబెట్టి, తనూ కూలబడి, కుడి మోకాలిని రెండు చేతులా పట్టుకుని ముందుకు వంగిపోయింది. ఆయన స్కూటరు వదిలేసి ఇసుకలో పడుతూ లేస్తూ వెళ్లారు. దిబ్బ ఎక్కేసరికి ఊపిరి అందడం లేదు.

"నొప్పి పుట్టిందా అమ్మా?"

ఆమె తలెత్తింది. ముఖమంతా తడిసి ఉంది, నవ్వుతోంది. "లేదు మామయ్యా. దీనికి క్షమాపణ చెప్పుకుంటున్నాను."

పెద్దాయన పక్కన చతికిలబడి, ఊపిరి తిప్పుకుని, తన తరఫున కూడా ఒకటి చెప్పమన్నారు. చెప్పాక గుమాస్తాకు ఫోన్ చెయ్యమన్నారు.