సాసర్లో టీ

స్ట్రోక్ వచ్చాక మా ఆయనకు పల్చనివేవీ గొంతు దిగడం లేదు. మెత్తటి ముద్దలే పెట్టమంది డాక్టరు. చెప్పడానికేం! ఆయన టీ కోసం పసిపిల్లాడిలా ఏడుస్తున్నారు.

టీతో కస్టర్డ్ చేద్దామనుకున్నాను. అలవాటు కొద్దీ సలసల మరుగుతున్న పాలటీని ఎత్తి పోసేసరికి గిన్నెలో గిలక్కొట్టి ఉంచిన గుడ్లు పొరటు అయిపోయాయి. నా మొహం మండ! రెండోసారి చల్లార్చి పోసి, ఓవెన్‌లో పెట్టి, మా అరోరా ఊళ్లోని తెలుగు చర్చిలో కూడా వంగని మోకాళ్లతో దానిముందు మోకరించాను.

"ప్రభువా, ఇదొక్కటి గట్టిపడనీ!"

గట్టిపడింది. చల్లారాక స్పూన్‌తో పెట్టబోతే ఆయన తల తిప్పుకుని, ఇదివరకు రోజూ టీ తాగే సాసర్ చూపించారు. అందులో వేసి చేతికిచ్చాను.

ఆయన ఉఫ్‌మని ఊది, సాసర్ పెదవులకు ఆనించి వంచారు.

కస్టర్డ్ కదల్లేదు.

నావైపు చూసి, ఇంకాస్త వంచారు.