ఎడమ పురి

తళి ఊరి నూలు సంఘంలో మునిలక్ష్మమ్మ మాటకు ఎదురు లేదు. ఆమె మాటలో అంత న్యాయం ఉంటుందని కాదు. ఎదుటివాళ్లు నోరు తెరిచేలోగా ఆమె ఇంకో నాలుగు మాటలు అనేసి ఉంటుంది, అంతే.

సంఘం పెట్టింది ఆమే. మొగుడు అశ్వత్థప్ప ఒకప్పుడు గులాబీలు ప్యాక్ చేయించిన రేకుల షెడ్డు ఊరికే పడి ఉండేది. ఒకరోజు ఆయన హోసూరు పోయి సాయంత్రం తిరిగొచ్చేసరికి దాని నట్టనడుమ గుంత తవ్వి, గుంత మీద మగ్గం బిగించి ఉంది.

"ఏమే, నా షెడ్డులో గుంత తీసినారు! ఎవురిని పూడ్చేదానికి?"

"ఎవురూ దొరక్కపోతే నిన్నే. పో, పోయి కాళ్లు కడుక్కో."

అట్లా మొదలైంది. భూములున్న ఇళ్ల ఆడవాళ్లూ, వాళ్ల పాలీహౌసుల్లో కూలికి పోయే ఆడవాళ్లూ ఒకే చాప మీద కూర్చుని వడకాలి. కాఫీ లోటాలు కూడా ఒకే రకం. ఈ లోటాల సంగతి మింగుడుపడక సొంత వదినె లేచి వెళ్లిపోతే, "పోనీ, చాప మీద చోటు మిగిలింది" అంది మునిలక్ష్మమ్మ. ఇప్పటికీ ఆ ఇద్దరికీ మాటల్లేవు.

రూల్సు కూడా ఆమెవే. వడికిన నూలంతా ఒకే బుట్టలో పడాలి. ఇది నాది, అది నీది అని పేర్లు ఉండకూడదు. షాపు నూలు తెచ్చి చేత్తో వడికినామని చెప్పేవాళ్లు గడప తొక్కకూడదు. చేనేత అని బోర్డు పెట్టి మిల్లు గుడ్డ అమ్ముకునే అంగళ్లను తిట్టడం మొదలుపెడితే ఆమెకు మంచినీళ్లు కూడా గుర్తుండవు. ఇక మూడో రూలు అన్నిటికన్నా చేదు. ఎవరి నూలు వల్ల గుడ్డ చెడుతుందో వాళ్లు ఉగాది దాకా మగ్గం ముట్టకూడదు. షెడ్డు వెనక పొయ్యి దగ్గర కూర్చుని, దారానికి పట్టించే గంజి కాయాలి.

ఆ రూలు కింద పిల్లమ్మ గంజి కాసింది, బుట్టలో వేస్తుండగానే నూలు వదులుగా ఉందని తేలి. హోసూరు కంపెనీలో షిఫ్టు పని చేసే మీనా కూడా కాసింది, ఉండలు ఉండలుగా వడికిందని. పిల్లమ్మ మొగుడు కొండప్పే అందరికీ మగ్గం నేర్పేవాడు. పెళ్లాన్ని పొయ్యి దగ్గరికి పంపినప్పుడు ఆయన కిక్కురుమనలేదు. ఆ కోపం పిల్లమ్మ ఆయన మీద కొంతా, మునిలక్ష్మమ్మ మీద కొంతా దాచిపెట్టుకుంది.

మగ్గం నేర్చుకునే వంతుల్లో మునిలక్ష్మమ్మ తన పేరు ఆఖరున వేసుకుంది. పెద్దరికం చూపిద్దామని వేసుకుని, తర్వాత లోలోపల ఏడ్చింది. ఆ వంతు ఇప్పుడు రానే వచ్చింది. రేపు సోమవారం ఆమె గుంతలోకి కాళ్లు దించి కూర్చోవాలి.

అరవై ఏళ్లలో ఆమె పొలంలో పని చేయించింది, ఇంట్లో పని చేయించింది, పాలీహౌసులో పని చేయించింది. చేయించడమే. తన చేత్తో మొదలుపెట్టి తన చేత్తో ముగించిన వస్తువు ఒక్కటి చూపించమంటే ఆమె దగ్గర లేదు. అందుకే ఒక తువ్వాలు, ఒకే ఒక్క తువ్వాలు నేయాలని ఆమె పంతం.

"నీ తువ్వాలు వచ్చేదాకా నేను మొగం తడిగానే పెట్టుకోవల్నా?" అని అశ్వత్థప్ప రోజూ అడుగుతూనే ఉన్నాడు.

ఆదివారం పొద్దున కొండప్ప మగ్గం మీద నుంచి గుడ్డ కోశాడు. సంఘం అంతా కలిసి వడికిన నూలుతో నేసిన మొదటి పెద్ద గుడ్డ అది. కృష్ణగిరి మామిడికాయల ఎగ్జిబిషన్‌లో వాళ్లకు ఒక మేజా ఇస్తామన్నారు, దాని మీద పరచడానికి. పిల్లమ్మ ఒక కొసా మీనా ఒక కొసా పట్టుకుని వాకిట్లో విప్పారు. ఏటవాలు ఎండ గుడ్డ మీద పడింది.

తెల్లటి గుడ్డలో అడ్డంగా పట్టీలు.

రంగు కాదు, మరక కాదు. నేరుగా చూస్తే ఏమీ లేదు. కొంచెం వంచి చూస్తే, అక్కడక్కడా జానెడు వెడల్పున, మిగతా గుడ్డకన్నా వేరేగా మెరుస్తున్నాయి.

"కొండప్పా! ఏమప్పా ఇది? నిద్దరపోతా నేసినావా? ఒకతూరి గట్టిగా కొట్టి ఇంకోతూరి మెల్లగా కొట్టినావు!"

"నా దెబ్బ సరిగానే ఉండాదమ్మా."

"అయితే ఈ పట్టీలు యాడ్నించి వచ్చినాయి? ఆకాశంలోనించి పడినాయా? రూలు రూలే. పెళ్లాం కాసింది, నువ్వూ కాయి గంజి."

కొండప్ప గుడ్డ మీదికి వంగాడు. మెరిసే పట్టీలోంచి ఒక అడ్డదారం లాగాడు. పక్క నేతలోంచి ఇంకొకటి లాగాడు. రెండింటినీ వేళ్ల మధ్య నలుపుతూ పురి విప్పి చూపించాడు. ఒకటి ఇటు తిప్పితే విడిపోయింది. ఇంకొకటి అటు తిప్పితే విడిపోయింది.

"నా తప్పు కాదమ్మా. ఈ నూలు పురే తిరగబడి ఉండాది. ఎవురో మనలోనే తకిలీని అటుపక్కకు తిప్పతా ఉండారు. ఒక కండె నూలు ఇట్లదీ ఒక కండె నూలు అట్లదీ వచ్చినప్పుడు ఎండలో పట్టీ కనపడతాది."

"ఎవురది?" మునిలక్ష్మమ్మ గొంతు షెడ్డు రేకులకు తగిలి తిరిగొచ్చింది. నూలంతా ఒకే బుట్టలో పడాలని రూలు పెట్టింది తనే కాబట్టి, ఎవరిదో చెప్పే దారి లేదు. ఆమె ఊరుకుంటుందా? "అందరూ తకిలీలు తీయండి. నా కండ్లముందర వడకండి. చూస్తాను."

అందరూ చాప మీద కూర్చున్నారు. టెంకాయ చిప్పలో తకిలీ మొన ఆనించి, కుడిచేతి వేళ్లతో చిటిక వేసినట్టు తిప్పి, ఎడమచేత్తో ఏకు పైకి లాగారు. పిల్లమ్మది కుడిపక్కకు తిరిగింది. మీనాది కుడిపక్కకు తిరిగింది. వరసగా అందరివీ కుడిపక్కకే.

మూడో తకిలీ దగ్గరికి వచ్చేసరికే మునిలక్ష్మమ్మ నోరు మూతపడింది. ఆమె నోరు తనంతట తాను మూతపడటం చాప మీద కూర్చున్నవాళ్లు అంతవరకూ చూడలేదు.

తన తకిలీ అటు తిరగదు.

ఆమెది ఎడమచేయి. పుట్టుకతోనే. చిన్నప్పుడు ఆ చేత్తో ముద్ద ఎత్తితే తల్లి గరిటె కాల్చి చూపించేది. ఆ చేత్తో పూలిస్తే మేనత్త విసిరికొట్టేది. చేతుల్లో కూడా ఒకటి పెద్ద కులం, ఒకటి చిన్న కులం అని ఎవడు పెట్టాడో వాడిని నిలదీసేవాళ్లు ఆ కాలంలో ఆ ఇంట్లో లేరు. కాబట్టి ఆమె తినడం, రాయడం, దండం పెట్టడం, వడ్డించడం అన్నీ కుడిచేతికి నేర్పించుకుంది. ఒక్క వడకడం మాత్రం వయసు మీదపడ్డాక నేర్చుకుంది. దానికి కుడిచేయి రాలేదు. తళి చలికి శాలువా కప్పుకుని, తకిలీని ఆ శాలువాలోపల పెట్టుకుని, గోడవైపు తిరిగి వడికేది. "గాలికి పోగు తెగుతాది" అని చెప్పేది. ఎంత వడికినా, పురి ఒకవైపు ఉంటుందనీ, అది రెండోవైపు కూడా ఉండొచ్చనీ ఆమెకు తట్టనే లేదు.

"అక్కా," అంది పిల్లమ్మ తేనె పూసినట్టు, "ఇంగ మీరొక్కరే ఉండారు."

"నేనా? నన్ను కూడా పరీక్ష చేస్తావా?"

"సంఘంలో అందరూ ఒకటే అని మీరే గదా చెప్పినారు."

మునిలక్ష్మమ్మ కూర్చుంది. శాలువా తీసి పక్కన పెట్టింది. సగం నూలు చుట్టి ఉన్న తన తకిలీని కుడిచేత్తో పట్టి తిప్పింది. ఉన్న పురి కాస్తా విడిపోయి, పోగు దూదై చేతికొచ్చింది. తకిలీ దొర్లుకుంటూ మీనా కాళ్ల దగ్గరికి పోయింది. మళ్లీ అతికించి తిప్పింది. మళ్లీ ఊడింది. మళ్లీ తిప్పింది. ఈసారి తకిలీ, చిప్పా రెండూ చెరో దిక్కుకు పోయాయి.

పట్టీల సంగతి అందరూ మరిచిపోయారు. అంతకన్నా పెద్ద సంగతి ముందుకొచ్చింది.

"అయ్యో," మీనా మెల్లగా అంది, "అక్కకు వడికేదే రాదా? అయితే ఇన్నిదినాలూ బుట్టలో వేసింది యా నూలు?"

"షాపుదేమో," అంది పిల్లమ్మ.

షాపుదేమో! ఆ మాట మునిలక్ష్మమ్మకు గూబ మీద తగిలింది. గంజి కాయమన్నా కాస్తుంది, మగ్గం పోయినా ఓర్చుకుంటుంది. కానీ షాపు నూలా? తను? మిల్లు గుడ్డ అంగడివాళ్లతో హోసూరు బస్టాండులో జుట్లు పట్టుకునేదాకా పోయిన మనిషి!

"తే నా తకిలీ!" అని, మీనా ఏరి పట్టుకున్నదాన్ని లాక్కుంది. ఎడమచేతి వేళ్లతో ఒక్క చిటిక వేసింది. తకిలీ చిప్పలో బొంగరంలా నిలబడి గుయ్యిమని పాడింది. కుడిచేయి పైకి పోతూ ఉంటే, వెంట్రుకలాంటి సన్నటి పోగు ఎక్కడా ఉండ లేకుండా, ఎక్కడా సన్నబడకుండా చేయెత్తు దాకా సాగింది.

"చూసినారా? చూడండి బాగా! షాపు నూలంట! ఎడమచేయి. అవును, ఎడమచేయి. ఏమిప్పుడు?"

ముందు కొండప్ప నవ్వాడు. తర్వాత పిల్లమ్మ నవ్వు ఆపుకోలేక చాప మీద ఒరిగిపోయింది.

వాకిట్లో కాఫీ కోసం నిలబడి ఉన్న అశ్వత్థప్ప లోపలికి తొంగిచూశాడు. "ఎడమచేయని ఇప్పుడు తెలిసిందా మీకు? నాకు పెండ్లినాడే తెలుసు. నన్ను తిట్టేటప్పుడు ఊపేది ఆ చేతినే గదా."

"నువ్వు సుమ్మనుండు!" అని ఆమె చేయి ఊపింది. ఎడమదే. ఇక నవ్వు ఆపడం ఎవరివల్లా కాలేదు.

కొండప్ప ఆమెకు ఒక సందు చూపించాడు. "నూలులో తప్పు లేదమ్మా. మా అందరిదానికన్నా బాగుండాది. దిక్కే వేరు. దీనికి గంజి పొయ్యి ఎందుకు?"

మునిలక్ష్మమ్మకు ఆ సందులో దూరిపోవాలనే ఉంది. రేపే సోమవారం. నోరు తెరిచింది కూడా. ఎదురుగా పిల్లమ్మ కళ్లు తుడుచుకుంటూ తననే చూస్తోంది, పోయిన ఏడాది పొగలో తుడుచుకున్నట్టే.

"గుడ్డలో పట్టీ పడిందా లేదా?"

"పడింది," అంది పిల్లమ్మ ఆలస్యం చేయకుండా.

"అయితే ఇంగేమి అడగతావు కొండప్పా? ఉగాది దాకా గంజి నాది."

కాసింది. మొదటిసారి అడుగంటింది, రెండోసారి గడ్డలు కట్టింది. "ఏమక్కా, ఇది దారానికా, పిలకాయల తిండికా?" అని పిల్లమ్మ పని కల్పించుకుని మరీ వచ్చి చూసిపోయేది. మునిలక్ష్మమ్మ తిట్టేది. తిడుతూనే గరిటెను ఎడమచేత్తో, పట్టపగలు, వచ్చేపోయేవాళ్లందరి ముందూ తిప్పేది.

ఉగాది అయిన మరునాడు కొండప్ప ఆమెను గుంతలో కూర్చోబెట్టాడు. పేకకు కండెలన్నీ ఆమె వడికిన నూలే. మొత్తం ఒకే పురి కాబట్టి పట్టీ పడే భయం లేదు. పేక నూలును మోసుకుపోయే నాడెను చేత్తోనే విసరాలి, ఒకసారి కుడి నుంచి, ఒకసారి ఎడమ నుంచి. ఒక చేయి మంచిది, ఒక చేయి చెడ్డది అంటే మగ్గం ఒప్పుకోదు.

వేసవిలో పట్టీల గుడ్డ కృష్ణగిరి పోయింది. దాన్ని ఒక్కరు కూడా వంచి చూడలేదు. అందరి కళ్లూ మామిడిపళ్ల మీదే.

తువ్వాలు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. అశ్వత్థప్ప మొహం కడుక్కుని, తుడుచుకుని, దాన్ని వెలుతురులో ఎత్తి పట్టుకున్నాడు.

"ఎడమ అంచు కత్తితో కోసినట్లు ఉండాది. ఈ కుడి అంచు ఏమే, మేక నమిలినట్ల?"

"ఆ చేయి ఇంగా నేర్చుకుంటా ఉండాది," అంది మునిలక్ష్మమ్మ. "తుడుచుకున్నావు గదా, ఇట్లివ్వు. ఆరేయల్ల."