పస్తు డబ్బా

టైలరు కుట్టుగదిలో, దారపుకండెలు ఉంచే అరలో, రెండు ప్లాస్టిక్ డబ్బాలు వచ్చి చేరాయి. కాలేజీ ల్యాబులో ఏసీ చెడిపోయిందనీ, ఇంట్లో చల్లగా ఉండే మూల ఇదొక్కటేననీ కూతురు తెచ్చిపెట్టింది. డబ్బాల నిండా నీళ్లు, నీళ్లలో గోరంత పొడవున గోధుమరంగు పురుగులు.

"వీటి కళ్లేంటే, మెల్లకళ్లలా ఉన్నాయి?" అన్నాడు టైలరు, కళ్లజోడు నుదుటి మీదికి తోసి.

"పుట్టుకే అంత నాన్నా. నిన్నేం చూడట్లేదులే."

ఒక డబ్బా మీద 'తిండి' అనీ, రెండోదాని మీద 'పస్తు' అనీ రాసింది. అదే ఆ పిల్ల పరిశోధన. ఈ పురుగులు తిండి లేకపోయినా వెంటనే చచ్చిపోవు. తమ ఒంట్లోని కణాలనే కొంచెం కొంచెంగా కరిగించుకుని బతుకుతాయి. ఆకారం చెడకుండానే చిన్నవైపోతాయి. మళ్లీ పెడితే పెరుగుతాయి. ఏ కణాలు ముందు పోతాయో, ఏవి చివరిదాకా మిగులుతాయో ఆమె తేల్చాలి.

"మీ నాన్నను కూడా ఆ రెండో డబ్బాలో వెయ్యవే," అంది తల్లి గుమ్మంలోంచి. "పొట్టయినా తగ్గుతుంది."

టైలరూ నవ్వాడు. కానీ మధ్యాహ్నం అదే గదిలో కంచం ముందు కూర్చునేసరికి ఆ నవ్వు మిగల్లేదు. ఆకలిగొన్న ప్రతి ప్రాణికీ ఇంత పెట్టు స్వామీ అని దణ్ణం పెట్టుకున్నాకే ముద్ద ఎత్తడం ఆయనకు చిన్నప్పటి అలవాటు. ఇప్పుడు ముద్ద ఎత్తితే అరలోంచి ఆ మెల్లకళ్లు.

ఒకరోజు కూతురు ఉడికిన గుడ్డులోని పచ్చసొన నలిపి తిండి డబ్బాలో వేసింది. అవి తిన్నాక మిగిలినదాన్ని డ్రాపర్‌తో లాగేసి, నీళ్లు మార్చి, కాలేజీకి వెళ్లింది. గిన్నెలో కాస్త సొన మిగిలి ఉంది. టైలరు చిటికెడు తీసి పస్తు డబ్బాలో వేశాడు. పురుగులు దాని చుట్టూ మూగడం చూసి ఆయన కళ్లు చెమర్చాయి. పొద్దున చేసిన పూజకంటే ఇదే దేవుడికి చేరిందనిపించింది. ఆమె చేసినట్టే మిగిలింది లాగేసి, నీళ్లు మార్చి, మూతపెట్టాడు. ఆ తర్వాత ఆమె పెట్టినప్పుడల్లా ఆయనా పెట్టాడు.

నెల తిరిగాక కూతురు పస్తు డబ్బాలోని పురుగులను గాజుపలక మీద పెట్టి కొలిచింది. మళ్లీ కొలిచింది. ఒక్కటీ చిన్నదవలేదు.

"నాన్నా, ఈ డబ్బా ఎవరైనా ముట్టుకున్నారా?"

నోట్లో గుండుసూదులు పట్టుకుని చొక్కా చేతులు అమరుస్తున్నాడాయన. తల అడ్డంగా ఊపాడు. అబద్ధానికి నోరు కూడా అక్కర్లేకపోయింది. చొక్కా అయ్యాక చెబుదామనుకున్నాడు. తర్వాత, భోజనాలయ్యాక అనుకున్నాడు.

మర్నాడు ఆమె కాలేజీ నుంచి వచ్చి చెప్పులతోనే గుమ్మంలో కూలబడింది.

"మేడం నమ్మలేదమ్మా," అంది తల్లితో. "నీకు కొలవడమైనా రాదు, లేదా తిండి పెట్టి పెట్టలేదనైనా అంటున్నావు, ఏదో ఒకటి ఒప్పుకో అంది. అందరి ముందూ. ఈ టాపిక్ ఇంకొకళ్లకి ఇచ్చేస్తుందట. మా ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదు, మా నాన్న అబద్ధం ఆడడు అన్నాను."

టైలరు చేతిలో కత్తెర గుడ్డ మధ్యలో ఆగిపోయింది.

"పెట్టింది నేనేనమ్మా."

ఆమె ఆయనవైపు తిరిగింది. "రేపొచ్చి ఆవిడకి చెప్తావా?"

"చెప్తాను."

మెడలో టేపు తియ్యడం మరిచిపోయి అలాగే వెళ్లాడు. ల్యాబులో పిల్లలంతా ఉన్నారు. మేడం ఆయనకంటే బాగా చిన్నది.

"ఎందుకు పెట్టారండీ?"

"జాలేసిందమ్మా."

"మన హాస్టల్లో ఇలాంటాయన దొరకడేంరా," అన్నాడెవరో వెనకనుంచి. కిసుక్కుమన్నారు. కూతురు తలెత్తలేదు.

మేడం నవ్వలేదు. "టాపిక్ నీదే," అంది ఆ పిల్లతో. "మొదటినుంచి చెయ్యి. ఈసారి విద్యార్థుల సదస్సులో మాట్లాడ్డం మాత్రం కుదరదు. చూపించడానికి నీ దగ్గరేమీ లేదుగా."

మెట్లు దిగుతూ టైలరు, "మీ అమ్మ చెప్పినట్టు నన్నే వెయ్యాల్సింది ఆ డబ్బాలో," అన్నాడు.

ఆమె నవ్వలేదు. "జాలిపడ్డావని కోపం లేదు నాన్నా. అడిగినప్పుడు చెప్పలేదేం?"

నోట్లో సూదులున్నాయమ్మా అనబోయి ఊరుకున్నాడు.

ఇంటికొచ్చి దీపం ముందు నిలబడ్డాడు. ఆకలిగొన్నవాటికి పెట్టడం తప్పా స్వామీ అని అడగాలనుకున్నాడు. ఆ ప్రశ్నలో న్యాయం తనవైపు ఉంది కనుకే అది అడగాలనిపిస్తోందని తోచింది. ఏమీ అడక్కుండా చేతులు దించేశాడు.

ఏసీ ఇంకా బాగవలేదు. కూతురు కొత్త పురుగులతో రెండు డబ్బాలూ తెచ్చి అదే అరలో పెట్టింది.

"మూతకి టేపు అంటించమ్మా," అన్నాడు టైలరు. "తాళంపెట్టెలో పెట్టుకున్నా నేనేమీ అనుకోను."

"ఎందుకు? నువ్వున్నావుగా," అని బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

తాళం వేసినా ఇంత కుంచించుకుపోయేవాడు కాదు. మధ్యాహ్నం కంచం పట్టుకుని వంటింట్లోకి వెళ్లాడు.

"ఎన్నడూ లేంది ఇక్కడ తింటున్నారేం?" అంది భార్య.

ఆయన తల వంచుకుని అన్నం కలుపుతూనే ఉన్నాడు.