ఇరవై నాలుగు డిగ్రీల ఇల్లు

బయట నలభై ఒకటి. ఇంట్లో ఇరవై నాలుగు. ఆ సంగతి హాల్లో గోడకి బిగించిన తెల్ల డబ్బా చెబుతోంది. స్పైస్ కిచెన్‌లో ఎంతో చెప్పే డబ్బా మాత్రం ఎవరూ పెట్టలేదు. అక్కడ కుసుమ ఉంది. పొద్దున ఆరున్నరకి బ్లాక్‌టౌన్ వెళ్ళి, పాథాలజీ సెంటర్‌లో ముప్ఫై నలభై మంది చేతులు పట్టుకుని రక్తం తీసి, రెండింటికి ఇల్లు చేరి, ఇప్పుడు తలుపు మూసుకుని బెండకాయ వేపుడు చేస్తోంది. చున్నీ ఎప్పుడో తీసి తలుపు హ్యాండిల్‌కి తగిలించింది. చెమట మెడ మీంచి వీపులోకి, వీపు మీంచి నడుములోకి దిగుతోంది. తలుపు తియ్యడానికి లేదు. తీస్తే హాల్లోంచి అత్తగారి గొంతు వస్తుంది. "అమ్మాయ్, తలుపెయ్యి, ఘాటు!"

ద పాండ్స్ అనే ఈ పేటలో ఇళ్ళు కట్టించుకునే మనవాళ్ళంతా ముచ్చటపడి పెట్టించుకునే గది ఇది. ముందువైపు పెద్ద వంటగది, తెల్ల రాతి బల్ల, దాని మీద పళ్ళ బుట్ట. అది వచ్చినవాళ్ళు చూడ్డానికి. దాని వెనకాల తలుపున్న చిన్న గది. పోపులూ, వేపుళ్ళూ, చేపల పులుసులూ అందులో. వాసన కార్పెట్‌కి పట్టకూడదు, సోఫాకి పట్టకూడదు, వాళ్ళాయన భానుప్రసాద్ గారి ఆఫీసు చొక్కాలకి అసలే పట్టకూడదు. ప్లాన్ గీయించే రోజున స్పైస్ కిచెన్ అన్న మాట విని కుసుమ కూడా మురిసిపోయింది. ఇంత పెద్ద ఇంట్లో తనకంటూ ఒక గది అనుకుంది, పిచ్చి మొహం. "ఇక్కడికి కూడా ఏసీ గాలి వస్తుంది కదండీ?" అని ఆ రోజే అడిగింది. "ఎందుకు రాదే? గ్రిల్లు పెట్టమంటున్నాగా" అన్నాడాయన.

గ్రిల్లు పెట్టారు. సీలింగులో, సరిగ్గా స్టవ్‌కి ఎదురుగా, తెల్లగా మెరుస్తూ ఉంది. ఐదేళ్ళుగా కుసుమ రోజుకి పదిసార్లు దాని కింద చెయ్యెత్తి చూస్తోంది. ఒక్కోసారి మునివేళ్ళ మీద లేచి మరీ చూస్తుంది. గాలి వస్తున్నట్టే ఉంటుంది, రాదు. మొదట్లో చెప్పింది. "ఇల్లంతా ఒకటే సిస్టమ్ కుసుమా. ట్వంటీఫోర్ అంటే ట్వంటీఫోరే. స్టవ్ దగ్గరున్నావు కాబట్టి నీకలా అనిపిస్తుంది" అన్నాడు. ఎండాకాలం ఇరవై నాలుగు, చలికాలం పంతొమ్మిది, ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయితే ఎంత కరెంటు తగలబడుతుందో లెక్కేసి కాయితం మీద ప్రింటు తీసి ఫ్రిజ్‌కి అంటించాడు. ఒకరోజు ఉండబట్టలేక ఆవిడ ఇరవై రెండుకి తగ్గిస్తే, సిటీలో ఆఫీసులో కూర్చున్న మనిషి దగ్గర్నుంచి నిమిషంలో మెసేజీ. "ట్వంటీటూ ఎవరు పెట్టారు?" ఎవరు పెడతారు, దెయ్యం పెడుతుందా? ఆ వారమే డబ్బాకి నాలుగంకెల పిన్ను పెట్టేశాడు. ఆఫీసులో ఈయనకి చలేసి కుర్చీకి జాకెట్టు తగిలించుకుంటాడు, ఇంట్లో పెళ్ళాం ఎంతలో బతకాలో ఫోన్లో చూసుకుంటాడు.

ఇది ఎండాకాలం కథ. జూన్, జులై ఈ దేశంలో చలికాలం, అప్పుడు కథ తిరగబడుతుంది. పొద్దున్నే ఐదున్నరకి ఆ గదిలో నేల మీద కాలు పెడితే ప్రాణం జివ్వుమంటుంది. రెండు జతల మేజోళ్ళు, స్వెట్టరు, దాని మీద శాలువా చుట్టుకుని మూడు లంచ్ బాక్సులు సర్దుతుంది. "చలండీ అక్కడ" అంటే, "స్టవ్ వెలుగుతూనే ఉంటుందిగా" అన్నాడు. ఇంకోరోజు అలాగే అంటే నవ్వాడు. "వేడంటావు, చలంటావు. ఏదో ఒకటి తేల్చుకో తల్లీ." అదే మాట అక్కడ కూర్చున్న స్నేహితులకి కూడా చెప్పాడు, వాళ్ళూ నవ్వారు, కుసుమ కూడా నవ్వింది. ఆ నవ్వినందుకు ఇప్పటికీ తన మీద తనకే ఒళ్ళు మండుతుంది.

పోయిన జనవరిలో గారెలు వేస్తూ కళ్ళు తిరిగి పడిపోయింది. హాల్లో పదిహేను మంది. పదో తరగతి చదువుతున్న కూతురు అపూర్వ ఒక్కతే పరుగెత్తుకొచ్చి, "మా, ఇట్స్ లిటరల్లీ యాన్ అవెన్ ఇన్ హియర్!" అని అరిచింది. భానుప్రసాద్ తీరిగ్గా లోపలికొచ్చి, మొహం మీద నీళ్ళు చల్లి, బయటికెళ్ళి అందరికీ చెప్పాడు. "ఏం లేదండీ, మెనోపాజ్. వేడి ఆవిర్లు." పదిహేను మంది ముందు! ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి తనే తీసుకెళ్ళి, తనే పక్క కుర్చీలో కూర్చుని, తనే మాట్లాడాడు. ఇంట్లో ఎండాకాలం ట్వంటీఫోర్, చలికాలం నైన్టీన్ ఉంటుంది డాక్టర్, అయినా ఈవిడకి ఉడికిపోతున్నట్టు ఉంటుంది, చలికాలం వణికిపోతున్నట్టు ఉంటుంది, కొంచెం యాంగ్జయిటీ కూడా ఉన్నట్టుంది అని. "సెంటర్‌లో ఉన్నంతసేపూ నాకేం అవదు" అని కుసుమ అనబోతే, "అక్కడ మైండ్ బిజీగా ఉంటుంది కదా" అని అందుకున్నాడు. డాక్టర్ టాబ్లెట్ రాసింది. ఏడాదిగా వేసుకుంటోంది. ఏడాదిగా ప్రతి పూటా తన ఒంటిని తనే అనుమానించుకుంటోంది. ఎంతోమంది చేతుల్లో నరం వెతికి పట్టుకున్న మనిషి, తన ఒంటికి తెలుస్తున్నది నిజమో కాదో తేల్చుకోలేకపోయింది.

కాలింగ్ బెల్ మోగింది. స్టవ్ ఆపి, చున్నీ వేసుకుని వెళ్ళింది. ఏసీ సర్వీసు. ఏడాదికోసారి వస్తారు, ఆయన ఇంట్లో ఉన్న శనివారం చూసుకుని రమ్మంటాడు, తనే దగ్గరుండి మాట్లాడి పంపేస్తాడు. ఈసారి శనివారం భోజనాలు. ఆయన మేనేజర్ అయ్యాడు, ఇరవై రెండు మంది వస్తున్నారు, గుత్తివంకాయ, పులిహోర, పూర్ణాలు, రొయ్యల వేపుడు అని లిస్టు కూడా రాసిచ్చాడు. అందుకని ఆ లోపే ఫిల్టర్లు కడిగించమని గురువారానికి పెట్టించాడు. "వాళ్ళ పని వాళ్ళు చేసుకుపోతారు, నువ్వేం కల్పించుకోకు" అని పొద్దున రెండుసార్లు చెప్పి వెళ్ళాడు.

వచ్చింది ఒక ఆడమనిషి. యాభై దాటి ఉంటాయి, నెరిసిన జుట్టు వెనక్కి కట్టి, భుజాన నిచ్చెన. పేరు ట్రేసీ అంది. ఇల్లంతా తిరుగుతూ, చేతిలో చిన్న తుపాకీలాంటి మీటరుతో ఒక్కో గదిలో ఎంత ఉందో చూస్తోంది. హాలు ఇరవై నాలుగు. భానుప్రసాద్ స్టడీ రూము ఇరవై రెండున్నర. అక్కడ అత్తగారు శ్యామసుందరి శాలువా కప్పుకుని ఫోన్లో సీరియల్ చూస్తున్నారు. స్పైస్ కిచెన్ తలుపు తీసి మీటరు పట్టుకున్న ట్రేసీ ఒక్క క్షణం ఆగి, దాన్ని దులిపి, మళ్ళీ పట్టుకుంది. ముప్ఫై ఆరు.

"ఇది ఎప్పట్నుంచి పనిచెయ్యట్లేదు?" అని ఇంగ్లీషులో అడిగింది.

"పనిచేస్తోందనే అంటారు మావారు" అంది కుసుమ.

ట్రేసీ ఇంకేం అడక్కుండా నిచ్చెన వేసి, నాలుగు మరలూ విప్పి గ్రిల్లు ఊడదీసింది. ఊడదీసి, అక్కడే నిలబడి, "ఓ, డార్లింగ్" అంది. కిందికి దిగి, నువ్వే చూడు అన్నట్టు పక్కకి జరిగింది. కుసుమ నిచ్చెనెక్కింది. గ్రిల్లు వెనకాల ఏసీ గాలి వచ్చే గొట్టం లేదు. చెక్క ముక్క ఉంది. చుట్టూ వెండి రంగు టేపు. చెక్క మీద నల్ల మార్కరుతో పనివాళ్ళు ఇంగ్లీషులో రాసుకున్నారు: గొట్టం వద్దు, గ్రిల్లు చాలు, ఇంటాయన కోరిక.

కుసుమ ఆ రాతని వేలితో తడిమి చూసింది. ముందు నవ్వొచ్చింది. ఐదేళ్ళు చెక్క ముక్కకి చెయ్యెత్తి చూసింది! తర్వాత కడుపులోంచి మంట లేచింది. అది వేడి ఆవిరి కాదు, ఆ తేడా ఈసారి ఆవిడకి బాగా తెలిసింది. గాలి ఇవ్వకపోతే పోయాడు, వాసన పాకుతుందని భయపడ్డాడు అనుకోవచ్చు. ఆ మాట మొహాన చెప్పి ఉంటే పోట్లాడేది, ఒక ఫ్యానైనా కొనిపించుకునేది. మరి ఈ గ్రిల్లెందుకు? ఇది గాలి కోసం పెట్టింది కాదు, తన నోరు మూయించడానికి పెట్టింది. డాక్టర్ ముందు కూర్చుని ట్వంటీఫోర్ అని చెబుతున్నప్పుడు కూడా ఈయన కళ్ళ ముందు ఈ చెక్క ఉంది. తెలిసి తెలిసి తన చేత మందు మింగించాడు.

చప్పుడు విని అత్తగారు గుమ్మం దాకా వచ్చి, రెండు నిమిషాలు నిలబడి, పమిటతో మొహం తుడుచుకున్నారు. "అమ్మో, ఇదేం ఉడుకే తల్లీ! ఎలా ఉంటున్నావే ఇందులో?" అన్నారు. అని, మళ్ళీ స్టడీ రూములోకి వెళ్ళిపోయారు.

గొట్టం ముక్క ఒకటి తెచ్చి బిగిస్తే చాలు, గంట పని అంది ట్రేసీ. కావాలంటే రేపు పొద్దున్నే వచ్చేస్తానంది. కుసుమ ఎప్పుడు రావాలో చెప్పి, ఆ చెక్కనీ, దాని మీది రాతనీ ఫోన్లో ఫొటో తీసుకుని, గ్రిల్లు మళ్ళీ బిగించమని, ట్రేసీకి చల్లటి నీళ్ళిచ్చి పంపించింది. తర్వాత ముందు వంటగదిలో, ఆ తెల్ల రాతి బల్ల దగ్గర కూర్చుని డాక్టర్‌కి ఫోన్ చేసి వచ్చే వారానికి అపాయింట్‌మెంట్ తీసుకుంది. ఒక్కదాన్నే వస్తానని రిసెప్షన్ అమ్మాయికి అక్కర్లేకపోయినా చెప్పింది.

ఆరున్నరకి భానుప్రసాద్ వచ్చాడు. బూట్లు విప్పుతూనే, "వేపుడు వాసన రావట్లేదేంటి?" అన్నాడు. కుసుమ ఫోన్ తీసి ఫొటో చూపించింది. ఆయన చూశాడు. మొహంలో రంగు మారింది గానీ ఒక్క క్షణమే.

"ఓ, ఇదా. అప్పుడు బిల్డర్ వద్దన్నాడే. పోపు వాసన గొట్టాల్లో పడితే బెడ్‌రూముల్లోకి పాకుతుందని..."

"బిల్డర్ వద్దన్నాడని లేదండీ అక్కడ. మీరు వద్దన్నారని ఉంది."

"సరే, నేనే అన్నాను. అందరి మంచికే కదా."

"మరి గ్రిల్లెందుకు పెట్టించారు?"

"లేకపోతే నువ్వు ఊరుకుంటావా?" అనేశాడు. అనేశాక తను ఏమన్నాడో తనకే వినపడినట్టుంది. గొంతు మార్చాడు. "కుసుమా, చిన్నదానికి ఇంత సీన్ ఎందుకు? కామ్ డౌన్. ఇవాళ టాబ్లెట్ వేసుకున్నావా?"

అంతే. మెట్ల మీద కూర్చున్న అపూర్వ చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేసింది. స్టడీ రూములో సీరియల్ ఆగిపోయింది.

"వేసుకున్నాను! ఏడాదిగా వేసుకుంటున్నాను! మీరు దాచింది మీరు దాచారు, పిచ్చి నాదని చెప్పారు. పదిహేను మంది ముందు చెప్పారు. డాక్టర్‌కి చెప్పారు. నా కూతురు అవెన్‌లా ఉంది అని అరిస్తే, దాని నోరూ మూయించారు. నేను పడిపోయిన రోజున కూడా ఆ చెక్క ఒకటి ఉందని మీకు గుర్తు రాలేదా? నీళ్ళు చల్లారు కదా, తలెత్తితే కనపడేది కదా ఆ గ్రిల్లు!"

"అమ్మా, నువ్వు చెప్పు దీనికి" అని ఆయన స్టడీ రూము వైపు తిరిగాడు. "ఆ గదిలో అంత వేడేం ఉండదు కదా?"

శ్యామసుందరి గుమ్మంలోకి వచ్చారు, శాలువా సర్దుకున్నారు, కొడుకునీ కోడల్నీ మార్చి మార్చి చూశారు. "నాకేం తెలుసురా, నేనటు వెళ్ళను" అన్నారు. కుసుమకి ఆవిడ మీద కోపం కూడా మిగల్లేదు. ఉన్నదంతా ఒక్క మనిషికే సరిపోయింది.

భానుప్రసాద్ సోఫాలో కూలబడి చేతులెత్తేశాడు. "సరే తల్లీ, తప్పయిపోయింది, చాలా? ఆ సర్వీసు వాళ్ళని రేపే పిలిపిద్దాం. శనివారానికల్లా నీకు చల్లటి గాలి వస్తుంది. ఇంకేం కావాలి?"

"రేపు వస్తానందావిడ. నేనే సోమవారం రమ్మన్నాను."

"సోమవారమా? నీకేమైనా మతి పోయిందా? శనివారం నలభై మూడంట. ఇరవై రెండు మందికి వంట. ఆ గదిలో ఆ వేడికి మనిషన్నవాడు నిలబడగలడా?"

ఐదేళ్ళలో మొదటిసారి అక్కడ వేడి ఉందని ఆయన నోటితో ఆయనే అన్నాడు. కుసుమ ఆ మాటని పూర్తిగా విన్నది. ఆయన రాసిచ్చిన వంటల లిస్టు తీసి, మడత విప్పి, ఆయన ఒళ్ళో పెట్టింది.

"నిలబడి చూడండి. శనివారం వండేది మీరే."