డెబ్బైమూడు పెట్టెలు

బెంచీ ఎక్కించేది చిన్నపిల్లల శిక్ష. ఆ పొద్దు చూలై పేటలోని ట్యుటోరియల్ కాలేజీలో బెంచీ ఎక్కిన కాటయ్యకు ముప్ఫై ఒకటో ఏడు. ముగ్గురు బిడ్డల తండ్రి. తల పైకప్పు రేకుకు తగులుతుంటే మెడ వంచుకుని నిలబడ్డాడు. రంపం లాగీ లాగీ కుడిభుజం ఎడమదానికంటే లావెక్కింది. ఆ భుజాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గోడకు ఆనించుకున్నాడు.

వాడి పక్కన ఇంకా ఏడుగురు. అందరూ ఆ వీధిలోని చెక్కపెట్టెలు చేసే షెడ్లలో పనిచేసేవాళ్ళే. పనికి పోయే ముందర చదువుకుందామని ఆరింటి క్లాసుకు వచ్చినవాళ్ళు. డిసెంబరు, మార్గళి మాసపు చలి పొద్దు.

"నువ్వు ఆడదానివి, కిందనే నిలబడు," అని లూర్దుమేరికి దయ చూపించాడు కాలేజీ నడిపే కరెస్పాండెంటు వెంకటాచలం. లూర్దుమేరి పెట్టెలకు మేకులు కొట్టే మనిషి. చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని తనే బెంచీ ఎక్కింది. "వాళ్ళు చేసిన తప్పేదో నేనూ చేసినానంటివి గదా. నాకెందుకు తగ్గింపు?"

"నోరు!" అని కసిరి వెంకటాచలం క్లాసు వైపు తిరిగాడు. "ఈ తొమ్మిది మందీ సెలక్షను పరీక్షలో కాపీ కొట్టినారు. లెక్కల పేపర్లో ఏడో ప్రశ్న. తొమ్మిది మందికీ ఒకటే తప్పు జవాబు. వీళ్ళ దరఖాస్తుల మీద మన కాలేజీ ముద్ర పడదు."

ముద్ర పడకపోతే మార్చిలో యస్సెల్సీ పరీక్ష లేదు. శుక్రవారం మధ్యాహ్నానికి దరఖాస్తులు పరీక్షల ఆఫీసు చేరాలి. ఆ పొద్దు మంగళవారం. యస్సెల్సీ వుంటే కాటయ్యకు రైలు పెట్టెలు చేసే ఫ్యాక్టరీలో చోటుంది. లూర్దుమేరికి నర్సు ట్రైనింగు వుంది, కాని వయసు ఈ ఒక్క ఏడాదికే సరిపోతుంది.

తలుపు దగ్గర పేపర్ల కట్ట పట్టుకుని నిలబడి వున్నాడు భాష్యం. ఆ కాపీని పట్టుకున్న లెక్కల మాస్టరు ఆయనే.

భాష్యానికి నలభైతొమ్మిది. బి.ఏ. లెక్కల్లో మూడో క్లాసు. పొద్దున చూలై, మధ్యాహ్నం పురసవాక్కం, సాయంత్రం రాయపురం, మూడు ట్యుటోరియళ్ళు, ఒక సైకిలు. జూలైలో రమ్మంటారు, మార్చిలో పొమ్మంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆయన చేతికి ఉద్యోగపు కాగితం ఇచ్చినవాడు లేడు. ఊపిరితిత్తుల్లో మాత్రం సుద్దపొడి ఖాయమైంది. ఆంధ్ర రాష్ట్రం వేరుపడినప్పుడు పెద్దపెద్దవాళ్ళంతా కర్నూలు రైలెక్కారు. ఈ ఊళ్ళో మిగిలింది రంపాలూ సుద్దముక్కలూ పట్టుకున్న తెలుగువాళ్ళు.

మాస్టర్ల గదిలో ఒకటే కుర్చీ. క్లాసు లేనివాళ్ళు కూచోవాలి. ఆ కుర్చీలో వుంది మృణాళిని, ఆ ఏడే వచ్చిన రెండో లెక్కల టీచరు. ఆయన్ని చూసి లేచింది, కాని చోటివ్వడానికి కాదు.

"కాపీ కొట్టేవాళ్ళు తప్పు జవాబునే పంచుకుంటారా సార్?"

"మొద్దులు గనక పంచుకుంటారు."

"మీరు అడిగారా?"

"ఏమని?"

"డెబ్బైమూడు ఎట్లా వచ్చిందని."

భాష్యం నవ్వాడు. "అడిగేది నా పని కాదమ్మా, చెప్పేది నా పని. లెక్కంటే స్టెప్పులు. నేను చెప్పిన స్టెప్పు బట్టీపట్టినవాడు పాసు, పట్టనివాడు ఫెయిలు. నీ క్లాసులో చూస్తున్నాను గదా, చేపల మార్కెట్టు. ఒకడు తప్పు చేస్తే దాన్ని బోర్డు మీద రాయించి గంటసేపు పంచాయితీ."

"తప్పు చేసినవాడు కూడా ఏదో ఒక దారినే పోయుంటాడు సార్. ఆ దారి కనుక్కుంటే వాణ్ణి వెనక్కి తీసుకురావచ్చు."

"ఆ దారుల్లో తిరుగుతుంటే మార్చికి చేరవు."

అననైతే అన్నాడు గాని, సైకిలెక్కిన తర్వాత డెబ్బైమూడు ఆయన్ని వదలలేదు. ప్రశ్న ఏమిటి? పన్నెండడుగుల పలకలు నలభై. అడుగు ముక్కలుగా కోసి, పెట్టెకు ఆరు ముక్కల చొప్పున పెట్టెలు చేస్తే ఎన్ని? నాలుగువందల ఎనభై ముక్కలు, ఆరుతో భాగిస్తే ఎనభై పెట్టెలు. పుస్తకంలోనూ అంతే. హెచ్చవేతలో తప్పినా, భాగహారంలో తప్పినా డెబ్బైమూడు రాదు. ఎటు నుంచి పోయినా రాదు. తొమ్మిది మందీ ఒక్క స్టెప్పయినా రాయకుండా, ఆ అంకె ఒక్కటే రాసిపెట్టారు. ఎక్కణ్ణించి ఊడిపడింది? పురసవాక్కం వైపు తిరగాల్సిన సైకిలు పెట్టెల షెడ్డు ముందర ఆగింది.

షెడ్డులో నలభై మంది. సుత్తుల మోత ఒక్కసారి తగ్గింది.

"ఎవరప్పా ఈ అయ్యోరు?"

"మనోళ్ళని బెంచీ ఎక్కించినాయన."

"ఓహో! ఇంకో బెంచీ కావాల్నేమో, చేసిమ్మనడానికి వచ్చినాడు. ఎత్తుగా చేయండిరా, షెడ్డంతా ఎక్కాల!"

నవ్వులు. భాష్యం చెవులు కాలినట్టయ్యాయి. అయినా కాటయ్య దగ్గరికే పోయాడు. "డెబ్బైమూడు ఎట్లా వచ్చింది?"

కాటయ్య ఆయన్ని ఎగాదిగా చూశాడు. పన్నెండడుగుల పలక ఒకటి లాగి దిమ్మ మీద వేశాడు. అడుగుబద్ద భాష్యం చేతికిచ్చాడు. "నువ్వే కొలిచి చూస్కో సారూ, పన్నెండు వుందా? వుంది గదా. ఇప్పుడు నువ్వే గీత గియ్యి, నేను కోస్తా."

భాష్యం గీశాడు. కాటయ్య కోశాడు. మళ్ళీ గీశాడు, మళ్ళీ కోశాడు. షెడ్డు షెడ్డంతా చుట్టూ చేరింది. పదకొండు ముక్కలు కిందపడ్డాక చేతిలో ఒక తుండు మిగిలింది. భాష్యం బద్ద పెట్టాడు. పదిన్నర అంగుళాల పైన కాస్త. మళ్ళీ పెట్టాడు. అంతే.

"మిగిలింది ఏమైంది?"

"రంపం తినేసింది. కోతకోతకూ తింటాది. కింద చూడు, పొట్టు." కాటయ్య కాలితో పొట్టును జరిపాడు. "పలకకు పదకొండే. నలభై పలకలకు నాలుగునూర్ల నలభై. ఆరేసి చొప్పున డెబ్బైమూడు పెట్టెలు, రెండు ముక్కలు మిగులు. ఏడాది పొడుగునా మేం చేసేది ఇదే గదా. దీన్ని ఒకర్ని చూసి ఒకరు రాయాల్నా?"

"మరి స్టెప్పులు రాసుంటే నాకు తెలిసేది గదయ్యా!"

"నువ్వు నేర్పిన స్టెప్పుల్లో రంపం యాడుంది సారూ?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. భాష్యం దుంగ మీద కూలబడ్డాడు. ఆ పుస్తకం రాసినవాడు జన్మలో చెక్క కోసి వుండడు. ఆ లెక్కను ఇరవై రెండేళ్ళు చెప్పిన తనూ కోయలేదు. కోసేవాళ్ళను దొంగల్ని చేశాడు.

మర్నాడు మధ్యాహ్నం అన్నం పొద్దుకు అదే షెడ్డులో మీటింగు పెట్టారు. తొమ్మిది మందీ వచ్చారు. సెలక్షనులో నెగ్గిన నలభై రెండు మందిలో చాలామంది వచ్చారు. మృణాళిని వచ్చింది. భాష్యం ఒక అర్జీ రాసుకుని వచ్చాడు.

"నేను వెంకటాచలంతో ఒంటరిగా మాట్లాడతాను. పొరపాటు జరిగిందని ఈ కాగితం ఇస్తాను. గొడవ లేకుండా..."

"ఉండు సారూ," అన్నాడు కాటయ్య. "బెంచీ ఒంటరిగా ఎక్కించినారా? అందరి ముందర వేసిన తప్పు అందరి ముందర్నే తీయాల."

మార్కెట్టులో పాత్రల కొట్టున్నాయన కొడుకు నాగప్పన్ లేచాడు. క్లాసులో వాడే ఫస్టు. "మీకు అన్యాయం జరిగింది, ఒప్పుకుంటా. కాని గొడవైతే మా నలభై రెండు మందికీ ముద్ర పడదు. తొమ్మిది మంది కోసం మేమంతా ఏడాది పోగొట్టుకోవాల్నా?"

"వాడు చెప్పేదీ కరెక్టే గదా," అన్నారు ఇద్దరు ముగ్గురు.

లూర్దుమేరి చేతిలో సుత్తి కిందపెట్టింది. "తమ్ముడూ, ఆయనకు మేమంటే కోపమనుకుంటివా? మేం ఫెయిలవుతామేమోనని భయం. మేం ఫెయిలైతే వాకిట్లో బోర్డు మీద 'నూటికి నూరు' అని రాసుకోలేడు. ఆ నూరు ఎవరు? మీరు. ఆయనకి మాతో పన్లేదు, మీతో వుంది. మీ కాగితాలు మీరు ఇయ్యకపోతే ఆ బోర్డు మీద ఏం రాస్తాడు?"

నాగప్పన్ కూచున్నాడు.

భాష్యం లేచి నిలబడ్డాడు. "ఆమె చెప్పింది నిజం. ప్రతి డిసెంబరులోనూ నన్ను పిలిచి, ఈ ఏడు ఎవరెవర్ని తీసేయొచ్చు అని అడుగుతాడు. పేర్లు నేనే రాసిస్తాను. తొమ్మిదేళ్ళుగా రాసిస్తున్నాను. కాపీ అనో, హాజరు చాలదనో ఏదో ఒకటి. రాసివ్వకపోతే జూలైలో నన్ను పిలవడు."

"మాకు ముందర ఎంతమంది సారూ?" అన్నాడు కాటయ్య.

లెక్కల మాస్టరు ఆ లెక్క చెప్పలేకపోయాడు. చేతిలోని అర్జీని నాలుగు ముక్కలు చేశాడు.

శుక్రవారం పొద్దున ఏడింటికి వెంకటాచలం దరఖాస్తుల కోసం క్లాసుకు వచ్చాడు. యాభై ఒక్క మందీ కూర్చుని వున్నారు. తీసేసిన తొమ్మిది మంది ముందు బెంచీల్లో వున్నారు. గుమ్మానికి అడ్డంగా పన్నెండడుగుల పలక. దాన్ని దాటి రావాల్సి వచ్చింది.

"ఎవర్రా దీన్ని పెట్టింది? నలభై రెండు మందీ కాగితాలియ్యండి. మీరు తొమ్మిది మందీ బయటికి పొండి."

ఎవరూ లేవలేదు. లేచింది భాష్యం. బోర్డు మీద రాశాడు: ఏడో ప్రశ్న. జవాబు డెబ్బైమూడు. రాసినవాళ్ళకు పదికి పది. దిద్దినవాడికి సున్న. కింద తన సంతకం పెట్టాడు.

"ఏమయ్యా భాష్యం! మతి పోయిందా? పుస్తకంలో ఎనభై వుంది!"

"పుస్తకాన్ని కోసి చూపించమనండి," అన్నాడు భాష్యం. "కాపీ జరగలేదు. తప్పు నాది, లాభం మీది. తొమ్మిది పేర్లూ వెనక్కి వేయండి."

"నీబోటి బి.ఏ.లు రేపు పొద్దున పదిమంది వచ్చి నిలబడతారు వాకిట్లో!"

"రమ్మనండి," అంది మృణాళిని కిటికీ దగ్గర్నుంచి. "వాళ్ళకీ ఇదే లెక్క ఇస్తాం."

క్లాసు గొల్లున నవ్వింది. వెంకటాచలం కబురు పంపితే ఎనిమిదింటికి పోలీసులు వచ్చారు. ఎవరు లీడరని ఇన్‌స్పెక్టరు అరవంలో అడిగాడు. వెంకటాచలం వేలు భాష్యాన్ని చూపించింది. మాస్టరు పిల్లల్ని రెచ్చగొట్టి తనను నిర్బంధించాడని కంప్లెయింటు. ఇద్దరు కానిస్టేబుళ్ళు భాష్యం చేతులు పట్టుకున్నారు. ఆ చేతులకింకా సుద్ద అంటుకునే వుంది.

స్టేషను రెండు వీధుల అవతల. వాళ్ళు నడిపించుకుపోతుంటే యాభై ఒక్క మందీ వెనకే నడిచారు. మృణాళిని నడిచింది. పెట్టెల షెడ్ల ముందర నుంచి పోతుంటే లోపలి సుత్తులు ఆగాయి. ఒక్కొక్కరే బయటికొచ్చి వెంట కలిశారు. స్టేషను ముందరికి వచ్చేసరికి రోడ్డంతా మనుషులే.

పదిన్నరకు వెంకటాచలం అక్కడికే వచ్చాడు. చేతిలో ముద్ర, ఇంకు డబ్బీ. మధ్యాహ్నం దాటితే ఆయన కాలేజీ నుంచి ఒక్కడూ పరీక్షకు పోడు. చెమటలు తుడుచుకుంటూ అన్నాడు, "సరే. ఎనిమిది మందికి కూడా వేస్తా. కాటయ్యకు మాత్రం వెయ్యను. గుమ్మానికి పలక అడ్డం పెట్టింది వాడే."

గుంపులో గుసగుస. ఎనిమిది మంది మొహాల్లో ఆశ కనబడింది, వాళ్ళ తప్పు కాదది. కాటయ్య ముందుకొచ్చాడు. "సరే, వేయించుకోండి అందరూ. నన్ను ఒదిలేయండి. రంపం వుంది నాకు."

"నోరు మూస్కో అన్నా!" అని అరిచింది లూర్దుమేరి. "ఇది నీ ఒక్కడి పరీక్షనుకుంటివా? ఈ పొద్దు నిన్ను తీయనిస్తే వచ్చే ఏడు ఎవర్నైనా తీస్తాడు."

నాగప్పన్ వాళ్ళ నాయన అప్పటికే వచ్చి కొడుకు రెక్క పట్టుకుని వున్నాడు. వాడు ఆ చేతిని విడిపించుకున్నాడు. అందరి కాగితాలూ తీసుకుని కట్ట కట్టాడు. అన్నిటికంటే పైన కాటయ్య దరఖాస్తు పెట్టాడు. దాన్ని వెంకటాచలం ముందర చాచాడు.

"పైనుంచి మొదలుపెట్టండి సార్."

వెంకటాచలం గుంపును చూశాడు. షెడ్ల వాళ్ళను చూశాడు. ఇన్‌స్పెక్టరును చూశాడు. ఇన్‌స్పెక్టరు రోడ్డును చూస్తున్నాడు. ముద్ర ఇంకులో అద్దాడు. కాటయ్య కాగితం మీద మొదటి ముద్ర పడింది. తర్వాత యాభై. ఒక్కొక్క దెబ్బకూ రోడ్డు మీద కేకలు. మృణాళిని కట్ట తీసుకుని నాగప్పన్ చేతికిచ్చి, సైకిలెక్కించి ఆఫీసుకు పంపించింది. భాష్యం సైకిలే అది.

వెంకటాచలం ఇంకు డబ్బీ మూత పెట్టాడు. "వాళ్ళ సంగతి అయింది. కేసు మాత్రం రాయండి సార్, మాస్టరు మీద."

భాష్యాన్ని లోపలికి నెట్టి కటకటాలు మూశారు. ఇన్‌స్పెక్టరు వరండాలోకి వచ్చి చేయి ఊపాడు. ఈసారి తెలుగులోనే అన్నాడు. "మీ పని అయిపోయింది గదా? పోండి, పోండి!"

"మా మాస్టరు లోపలున్నాడు సారూ," అన్నాడు కాటయ్య.

"అయితే?"

"అయితే మా పని ఇంకా కాలేదు."

కాటయ్య రోడ్డు మీదే కూచున్నాడు. లూర్దుమేరి కూచుంది. మిగిలిన ఏడుగురు, క్లాసులో తక్కినవాళ్ళు, షెడ్ల వాళ్ళు, దారిన పోతూ నిలబడ్డవాళ్ళు, అందరూ కూచున్నారు. రిక్షాలు ఆగిపోయాయి. ఇన్‌స్పెక్టరు లోపలికి పోయి టెలిఫోను ఎత్తాడు. ఇంకొక లారీ పోలీసులు కావాలని అడుగుతుంటే కటకటాల అవతల భాష్యానికి వినబడింది. ఇరవై రెండేళ్ళలో తన కోసం ఒక్కడూ ఎక్కడా కూచోలేదు. కుర్చీలోంచి లేచి చోటిచ్చినవాళ్ళూ లేరు.

కటకటాలు పట్టుకుని, దగ్గు ఆపుకుని, రోడ్డుకు వినబడేట్టు గట్టిగా అరిచాడు. "ఎవరూ కదలొద్దు! ముందు వరసలో వాళ్ళు చేతులు పట్టుకోండి!"

పట్టుకున్నారు.