సారె చిలక

పెళ్లయిన పదహారో రోజున నా సారె వచ్చింది. శృంగవరపుకోట నుంచి నరసన్నపేట దాకా వ్యానులో అన్ని కుదుపులు తిన్నా ఒక్క పంచదార చిలక ముక్కు కూడా విరగలేదు. గులాబీవి, తెల్లవి, పచ్చవి. వాటిని పళ్లెంలో నిలబెడుతూ మా ఆయన పృథ్వీరాజ్ చెవిలో, "బావా, ఆ పచ్చదాని మొహం అచ్చం నీలాగే ఉంది" అన్నాను. ఆ పిలుపు నాకింకా కొత్త. రోజుకి నలభైసార్లయినా పిలుస్తున్నాను.

అప్పుడే పెదమావయ్యగారు వచ్చారు. మా మావయ్యగారి అన్న, సూరయ్యగారు. పెళ్లి ముహూర్తం నుంచి బోరు మోటారు రిపేరు దాకా ఈ ఇంట్లో ఆయన మాటే మాట. ఆయన చేతిలో ఫోను. ఫోనులో నేను.

వారం కిందట చేసిన రీలు అది. చిన్నప్పుడు అందరం విన్న కథే. మాంత్రికుడు తన ప్రాణాన్ని ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో దాచుకుంటాడు. చిలక రెక్క విరిస్తే వాడి చెయ్యి విరుగుతుంది, మెడ విరిస్తే వాడు చస్తాడు. వాడి కోటలో బందీ అయిన రాకుమారి మాత్రం ఎవరో వీరుడు వెళ్లి ఆ చిలకను పట్టేదాకా ఏడుస్తూ కూర్చుంటుంది. ఆ పిల్ల తనే ఎందుకు వెళ్లకూడదని నాకు ఆరేళ్లప్పుడే సందేహం. అందుకే పెళ్లి చీర నడుముకి బిగించి, డాబా ఎక్కి ర్యాప్ పాడేశాను. బిందె మీద దరువు మా ఆయనది.

"పన్నెండేళ్లు పడిగాపులు పడను
పడవా నాదే, తెడ్డూ నాదే
చిలకా చిలకా, వస్తన్నాను!"

ఎవరెవరో ఆడపిల్లలు దానికి తమ డాబాల మీదా పొలం గట్ల మీదా ఆడి పెట్టారు. ఒక నర్సమ్మ డ్యూటీ బట్టల్లోనే ఆడింది. ఆవిణ్ణి ఎన్నిసార్లు చూసుకుని మురిశానో!

"ఏటిది?" అన్నారు పెదమావయ్యగారు. "కొత్త కోడలు డాబా ఎక్కి గెంతడమేటి? సంతలో నలుగురూ నన్నే అడగతన్నారు. ముందది తీసీ. తీసినాకే సారె గడప దాటతాది."

సారె ఇంటింటికీ పంచకపోతే మా అమ్మానాన్నలకు ఎంత చిన్నతనం! పొరుగు ఆడవాళ్లు అప్పటికే గుమ్మం దగ్గర చేరారు. అత్తయ్య బతిమాలుతున్నట్టు నా వైపు చూసింది. మా ఆయన ఏదో అనబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. పాట నాది.

"తియ్యనండి," అన్నాను.

"ఏటీ?"

"సారే పంచుతాను, పాటా ఉంచుతాను."

"నా మాటంటే అంత అలుసా నీకు?"

చేతికేదో పని కావాలని గులాబీ చిలకను తీశాను. పంచకముందే సారె తినకూడదని తెలుసు. అయినా దాని రెక్క కటుక్కున కొరికాను.

మంచం మీదున్న సుభద్రమ్మ మామ్మ, పెదమావయ్యగారి తల్లి, ఎనభై ఆరేళ్ల మనిషి, కిసుక్కున నవ్వింది. "ఒరే సూరీ, సెయ్యి సూసుకోరా! పిల్ల రెక్క కొరికేసింది!"

పెదమావయ్యగారు ఫోనున్న చేతిని నిజంగానే ఓసారి చూసుకున్నారు. గుమ్మమంతా ఘొల్లుమంది.

"అమ్మా, నువ్వూరుకో!"

"నానెందుకూరుకోవాలి? ఆ కత సెప్పి నీకు అన్నం తినిపించింది నానే. సెప్పినప్పుడల్లా అనిపించీది, ఆ రాకుమారికి కాళ్లు లేవా ఏటని. ఒసే పిల్లా, మళ్లీ పాడు."

రెండో రెక్కా కొరికి, మిగిలిన చిలకను పెదమావయ్యగారి అరచేతిలో పెట్టాను.

"మెడ జోలికి పోలేదండి. ప్రాణం మీ దగ్గరే ఉంచుకోండి. నా పాట నా దగ్గరుంటుంది."

పళ్లెం ఎత్తుకుని గడప దాటాను. ఎవరూ ఆపలేదు. వెనకాలే అత్తయ్య లడ్డూల బుట్టతో వచ్చింది. మా ఆయన ఖాళీ బిందె చంకన పెట్టుకుని దరువు మొదలెట్టాడు. మొదటి ఇంట్లోనే పాట అడిగారు. మూడో ఇంటికి చేరేసరికి అత్తయ్య కూడా 'తెడ్డూ నాదే' అంటోంది, చిన్నగా, కొంగు అడ్డం పెట్టుకుని.

వీధంతా తిరిగి వచ్చేసరికి పెదమావయ్యగారు వాకిట్లోనే ఉన్నారు. చిలక చేతిలోనే ఉంది. చెమటకి కరిగి వేళ్లన్నీ గులాబీ రంగయ్యాయి. కొరకనూ లేదు, కింద పెట్టనూ లేదు.

నేను ఫోను తీసి, నా రీలు ఉందో లేదో చూసుకున్నాను. ఉంది.