డౌన్ అనేదాకా

నేను ఒక బెల్టుని. ప్యాంటు జారకుండా పెట్టుకునే రకం అనుకునేరు, ఆ జాతితో నాకు చుట్టరికం లేదు. అరచెయ్యంత వెడల్పు, రెండు పొరల గేదెతోలు, రెండు ముళ్ల ఇత్తడి బకిలు. బరువులెత్తేవాళ్లు నడుముకి బిగించుకునే సరుకుని.

అసలు నేను కావలసింది ఇది కాదు. బాపట్లలో చెప్పులు కుట్టే ఏసోబు, ఎద్దుల మెడకి పట్టెడ కుడదామని నన్ను నానబెట్టుకున్నాడు. హాయిగా మువ్వలు కట్టించుకుని తిరునాళ్లలో తిరగవలసినదాన్ని. ఇంతలో పంతొమ్మిదేళ్ల పిల్ల ఒకతె సైకిలు దిగి వచ్చి, "బాబాయ్, నడుంకి బెల్టు కుట్టాలి. ఇంత మందం ఉండాల" అంటూ రెండు వేళ్లు ఎడం చేసి చూపించింది. ఏసోబు ఆ వేళ్లనీ పిల్లనీ మార్చి మార్చి చూశాడు.

"ఎద్దుకా, నీకా?"

"నాకే. నూటిరవై కిలోలు లేపుతన్నా."

"ఏం ఖర్మే నీకు" అంటూనే దారం ముక్క ఆమె చేతికిచ్చి, నడుముకి చుట్టుకుని ముడి వేసి ఇమ్మన్నాడు. ఆ ముడి దగ్గరే నా మూడో చిల్లు పడింది. దానికి అటు రెండు, ఇటు రెండు పొడిచాడు. మొత్తం ఐదు. ఆ పిల్ల పేరు దయామణి. మొదటి రోజు నుంచి ఐదేళ్ల పాటు ఆమె మూడో చిల్లు దాటలేదు.

నా ఉద్యోగం గురించి జనానికి పెద్ద అపోహ ఉంది. మనిషి నడుము విరగకుండా నేను పట్టుకుంటానని అనుకుంటారు. నేనేమీ పట్టుకోను. ఎత్తేవాళ్లు కడుపు నిండా గాలి పీల్చి పొట్టని నా మీదికి నెట్టాలి. ఆ బిగువే వాళ్ల నడుముని నిలబెడుతుంది. నేను ఎదురు గోడలా కదలకుండా ఉంటానంతే. పని చేసేది వాళ్లు, పేరు నాకు. దీనివల్ల నాకొక లాభం మాత్రం ఉంది. మనిషి ఊపిరి సంగతి నాకు తెలిసినంతగా వాళ్లని కన్నతల్లికి కూడా తెలియదు. భయపడ్డారో, అలిగారో, పొద్దున ఏమీ తినకుండా వచ్చారో పట్టేస్తాను. అబద్ధమాడే నోళ్లు చాలా చూశాను గాని, అబద్ధమాడే పొట్టని చూడలేదు.

అప్పట్లో దయామణికి నేర్పించిన ప్రకాశం మాస్టారు మంచివాడే గాని చండశాసనుడు. బరువు లేపి నిలబడిన పిల్లని దించనిచ్చేవాడు కాదు. పది అంకెలు లెక్కపెట్టి, మధ్యలో ఎవరితోనో మాట్లాడి, అప్పుడు "డౌన్" అనేవాడు. దయామణి అరచేతులు చీరుకుపోయి నెత్తురు వచ్చేది. ఒకరోజు చేతులకి నీళ్లు పోసుకుంటూ, "నేను ఎవరికన్నా నేర్పిస్తే ఇట్టా మాత్రం చంపను" అంది. నేను పక్కన గోడకి వేలాడుతూ విన్నాను. ఆ మాట ఇన్నేళ్ల తర్వాత ఏం చేస్తుందో అప్పుడు నాకేం తెలుసు.

ఇరవై నాలుగో ఏట ఆమెకి పెళ్లయింది. నేనూ పెట్టెలో పడి అత్తగారింటికి వెళ్లాను. అక్కడ నాకు దక్కిన మర్యాద చెబితే నవ్వుతారు. కరెంటు ఆఫీసులో పనిచేసే భర్త సామ్యేలు నన్ను చూసి, "భలే గట్టిగా ఉందే" అని మెచ్చుకుని, గ్యాస్ బండని టీవీఎస్ వెనక కట్టడానికి వాడాడు. రాష్ట్రస్థాయి పోటీల్లో నిలబడిన నేను వీధి వీధీ బండ మోశాను. ఆ తర్వాత అత్తగారికి నడుంనొప్పి వచ్చి రెండేళ్లు నన్ను చుట్టుకుని మంచం మీద కూర్చుంది. ఆవిడ ఎత్తిన అతి పెద్ద బరువు కాఫీ గ్లాసు.

దయామణి ఆడపిల్లల హైస్కూల్లో పీఈటీగా చేరింది. పాడుబడిన సైన్సు గదిని అడిగి పుచ్చుకుని, తుప్పు పట్టిన ప్లేట్లు, ఒక వంకర లేని రాడ్డు సంపాదించి, సాయంత్రాలు పిల్లలకి పవర్‌లిఫ్టింగ్ నేర్పడం మొదలుపెట్టింది. అందరూ దాన్ని షెడ్డు అంటారు. నన్నూ తీసుకొచ్చి మేకుకి తగిలించింది. పన్నెండేళ్లలో ఎంతమంది పిల్లల నడుములు చుట్టానో లెక్కలేదు. బక్క పిల్లలకి మొదటి చిల్లు కూడా వదులయ్యేది, చొక్కా మీద చున్నీ చుట్టి నన్ను బిగించేది దయామణి. ఏ పిల్లయినా బరువు లేపి మోకాళ్లు నిటారు చేసిందో లేదో, దయామణి "డౌన్!" అని కేకేసేది. పాపం, నడుములు నొప్పెడతాయని. పిల్లలు ధడేల్మని దించేసేవారు. ఇది కదా పద్ధతి అని నేనూ సంతోషించాను. తోలుకి తెలివి ఎక్కడిది!

ఆ పిల్లల్లో రిజ్వానా ఒకతె. పదహారేళ్లది. వాళ్లమ్మ రైల్వే గేటు దగ్గర ఇడ్లీ బండి నడుపుతుంది. పిల్ల నోరు దురుసు, నడుము ఉక్కు. దాని పొట్ట నన్ను నెట్టినంత గట్టిగా, వయసులో ఉన్నప్పటి దయామణి తప్ప ఇంకెవరూ నెట్టలేదు.

నరసరావుపేటలో జిల్లా పోటీలకి వెళ్లాం. డెడ్‌లిఫ్ట్‌లో నియమం చిన్నది. నేల మీద ఉన్న బరువుని లేపి నిటారుగా నిలబడాలి. ఎదురుగా కూర్చున్న రిఫరీ ఎత్తిన చెయ్యి కిందికి దించి "డౌన్" అనేదాకా అలాగే ఉండాలి. ముందే దించితే ఎత్తనట్టే లెక్క. మూడు అవకాశాలు ఇస్తారు. మూడూ పోతే, అంతకుముందు భుజాల మీద పెట్టుకుని గుంజీ తీసి లేచిన స్క్వాటూ, పడుకుని ఎత్తిన బెంచీ కూడా గాలికి పోతాయి. మూడు ఎత్తులూ కలిపిన టోటల్ ఉండదు, పట్టికలో పేరుండదు. రిజ్వానా మూడుసార్లూ పువ్వుని లేపినట్టు లేపింది. మూడుసార్లూ రిఫరీ అనకముందే దించింది.

దయామణి అందరి ముందూ నోరు జారింది. "చెవులు ఇంటికాడ పెట్టొచ్చావంటే? ఒక్క మాట, ఒకే ఒక్క మాట వినటం చేతకాలా నీకు!"

రిజ్వానా నన్ను విప్పి కుర్చీలో పడేసింది. "కింద నిలబడి చెప్పటం తేలికే మేడమ్. ఎక్కితే తెలుస్తది" అని వెళ్లిపోయింది. మర్నాటి నుంచి షెడ్డుకి రాలేదు.

వారం రోజులు దయామణికి ముద్ద మింగుడు పడలేదు. పిల్ల అన్న మాట అక్కడే గుచ్చుకుంది. ఒకరోజు పొద్దున్నే, ఎవరూ రాకముందు, షెడ్డు తలుపు తీసి నన్ను మేకు మీంచి దించి తన నడుముకి చుట్టుకుంది. ఇరవై మూడేళ్ల తర్వాత! నాకు ఒళ్లు పులకరించింది. మూడో చిల్లుకి లాగింది. అబ్బే. నాలుగు, ఊహూ. ఐదో చిల్లు ఇంకా రెండు వేళ్ల దూరంలో ఉండిపోయింది. ఇద్దరం సిగ్గుపడ్డాం.

నన్ను ఏసోబు కొట్టుకి పట్టుకెళ్లింది. ఆయన పోయాడు. ఆ కొట్లో ఇప్పుడు ఆయన కూతురు కూర్చుంటోంది. నా అంచు మీద బొటనవేలితో రాసి, "ఇది మా నాన్న కుట్టు" అంది. తర్వాత ఆరో చిల్లు పొడిచింది.

మొదటి నెల ఖాళీ రాడ్డే. వంగితే మోకాళ్లు టపటపమనేవి. "నలభై ఏడేళ్లకి ఇదేం సరదా? మెట్లెక్కటానికే మూలుగుతన్నావు" అన్నాడు సామ్యేలు, నొప్పుల నూనె సీసా అందిస్తూ. "సరదాకి కాదులే" అంది. ఏడు నెలలు రోజూ పొద్దున్నే ఒక్కతే వచ్చింది. నలభై, అరవై, ఎనభై. బరువు లేపి నిలబడగానే ఖాళీ షెడ్డులో తనకి తనే "డౌన్" అని కేకేసుకుని దించేది. మనుషులు ఒంటరిగా ఉన్నప్పుడు చేసే పనులకి నేను నవ్వుకోవడం మానేసి చాలా కాలమైంది.

ఒకరోజు సాధన అయ్యాక నన్ను భుజాన వేసుకుని ఇడ్లీ బండి దగ్గరికి వెళ్లింది. రిజ్వానా చట్నీ పోస్తోంది.

"వచ్చే ఆదివారం ఒంగోల్లో పోటీ ఉంది. నలభై దాటినోళ్లకి. పేరిచ్చా."

రిజ్వానా గరిటె ఆగింది. "మీరా?"

"నువ్వు రావాల. బెల్టు బిగించటానికి మనిషి కావాలి గదా."

రిజ్వానా ఆలోచించి అంది: "వస్తా. మీరు టోటల్ పెట్టుకుని దిగితే సోమవారం నుంచి షెడ్డుకీ వస్తా. పెట్టుకోకపోతే ఇద్దరం మానేద్దాం మేడమ్."

"పెద్దామెతో అవేం మాటలే!" అని తల్లి కసిరి, దయామణికి అడగకుండానే ప్లేట్లో రెండిడ్లీలు పెట్టింది.

ఒంగోల్లో పోటీ ఒక కల్యాణమండపంలో. వధూవరులు కూర్చునే వేదిక మీద ప్లాట్‌ఫాం పరిచారు. సామాను తనిఖీ చేసేవాడు నన్ను కొలిచి, "ఏ ఎద్దు దగ్గర లాక్కొచ్చారమ్మా?" అన్నాడు. మనిషికి తెలియకుండానే నిజం పలికాడు.

దయామణి వర్గంలో ముగ్గురే. స్క్వాటూ బెంచీ గండం లేకుండా గడిచాయి. వాటిలో మొదలు పెట్టమని కూడా రిఫరీయే చెబుతాడు, అందుకని చెవులు రిక్కించుకునే ఉంటాయి. డెడ్‌లిఫ్ట్‌కి మొదలు పెట్టమనే మాట లేదు. మన ఇష్టం వచ్చినప్పుడు లేపుకోవచ్చు. దాంతో ముగింపు కూడా మన ఇష్టమే అనిపిస్తుంది.

వంద కిలోలు. మొదటిసారి చక్కగా లేపింది, నిలబడింది, దించింది. నవ్వుతూ తలెత్తి చూస్తే మూడు ఎర్రలైట్లు, ముగ్గురు రిఫరీలూ చెల్లదన్నట్టే. "ఏమైందే?" "ముందే దించేశారు మేడమ్." రెండోసారి పెదవులు బిగించి వెళ్లింది. లేపింది, నిలబడింది, మళ్లీ దించేసింది. మళ్లీ మూడు ఎర్రలే.

ఎవరికీ అర్థం కాలేదు గాని, నాకు అర్థమైంది. మోకాళ్లు నిటారు కాగానే ఆమె పొట్టలో ఊపిరి జారింది. గొంతు దాకా రాని ఒక "డౌన్" లోపలే పలికింది. అది ఆమె గొంతే. ఏడు నెలలు తనకి, పన్నెండేళ్లు పిల్లలకి, అదే తొందరలో చెప్పిన మాట. ఆ రోజు రిజ్వానా నడుము చుట్టూ ఉన్నప్పుడు సరిగ్గా ఇలాగే జారింది ఊపిరి. ఇన్నాళ్లూ నాకు తట్టలేదు. తట్టినా చెప్పే నోరు నాకెక్కడిది? కుర్చీలో కూలబడిన దయామణి పొట్ట నా వెనక చిన్నపిల్ల పొట్టలా ఎగిరెగిరి పడుతోంది. ఇంకొక్కటే అవకాశం. అదీ పోతే టోటల్ పోతుంది, ఈ పిల్ల ఇక రాదు.

రిజ్వానా నన్ను వదులు చేస్తూ మెల్లగా అడిగింది. "మేడమ్, షెడ్డులో మీరు డౌన్ ఎప్పుడంటారు?"

"నిలబడగానే."

"ఇక్కడ ఆయన అట్టా అనట్లా. మోకాళ్లు చూసి, భుజాలు చూసి, అప్పుడంటన్నాడు. నర్సరావుపేటలో నాకూ ఇంతే. మీరు అన్నారనుకున్నా."

"నేను అన్లేదే!"

"అన్లేదు. కానీ నాకు వినపడింది."

దయామణి ఊపిరి ఆగిపోయింది. "మా మాస్టారు నన్ను పీల్చి పిప్పి చేశాడు. మీకా బాధ ఉండకూడదని తొందరగా అనేసేదాన్నే. తప్పు నేర్పింది నేను. తిట్టింది నిన్ను. అందరి ముందూ తిట్టా. నన్ను క్షమించవే."

రిజ్వానా కళ్లు తుడుచుకుని, "అయ్యన్నీ తర్వాత. పిలుస్తన్నారు, లేవండి" అని నన్ను లాగింది. ఆరో చిల్లు దాటించి ఐదో చిల్లుకి బిగించింది. దయామణి "అబ్బా" అంది. "లోపల ఏదన్నా వినపడితే అది మీరే. వినమాకండి. ఆయన చెయ్యి చూడండి, అంతే."

మూడోసారి బరువు అంత తేలిగ్గా లేవలేదు. మోకాళ్ల దగ్గర తడబడింది, తొడల మీద పాకింది, ఎట్టకేలకి నిలబడింది. నిలబడగానే లోపలి "డౌన్" వచ్చింది. ఊపిరి జారబోయింది. అయిపోయిందిరా అనుకున్నాను. ఇంతలో ఆ ఊపిరి వెనక్కి తిరిగి నన్ను నెట్టింది. ఏసోబు కుట్లు కిర్రుమన్నాయి. కళ్లద్దాల రిఫరీ తీరిగ్గా మోకాళ్లు చూశాడు, భుజాలు చూశాడు. చెయ్యి పైనే ఉంది. వేళ్లు జారుతున్నాయి, ఒళ్లంతా వణుకుతోంది. జనంలోంచి రిజ్వానా గొంతు, "ఉండండి మేడమ్, ఉండండి!"

"డౌన్."

రెండు తెల్లలైట్లు, ఒక ఎర్ర. రెండు చాలు. ముగ్గురిలో మూడో స్థానం, అయినా పట్టికలో పేరుంది, పక్కన టోటల్ ఉంది. దయామణి పెళ్లివేదిక మెట్ల మీద కూర్చుని భోరున ఏడ్చింది. రిజ్వానా పక్కన కూర్చుని, "సోమవారం ఎన్నింటికి?" అని మాత్రం అడిగింది.

ఇది జరిగి రెండేళ్లు కావస్తోంది. నా కుట్లు రెండు చోట్ల ఊడాయి. మళ్లీ గ్యాస్ బండలు మోసే రోజు ఎంతో దూరంలో లేదు. వచ్చినా బాధ లేదు. షెడ్డులో పద్ధతి మారింది. దయామణి ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుంటుంది. మోకాళ్లు చూస్తుంది, భుజాలు చూస్తుంది, అప్పుడంటుంది. పది అంకెలు కాదు, మూడే. అయినా కొత్తపిల్లలు చాటుగా తిట్టుకుంటారు. ఆమెకి వినపడుతూనే ఉంటుంది.

ఇవాళ నేను రిజ్వానా నడుము మీద ఉన్నాను, రెండో చిల్లు. రేపు రాష్ట్ర పోటీలు. నూట ముప్పై కిలోలు లేపి నిలబడింది. ఎదురుగా దయామణి చెయ్యి ఎత్తి ఉంది. చూస్తోంది. పిల్ల చేతులు వణుకుతున్నాయి, ఊపిరి నా మీద గట్టిగా ఆని ఉంది. మేడమ్ ఇంకా అనలేదు. మేమూ దించలేదు.